చామంతి తల్లిమొక్కలు పీకించిన మేడమ్ గారు

ఈ సభను నడిపిస్తున్న నర్సరీ రైతుల సంఘం అధ్యక్షులు గంగాధరరావు గారికి, వేదిక మీది పెద్దలకు, ఇంత ఎండలోనూ పనులు ఆపుకుని వచ్చిన నర్సరీ రైతులకు, ఇవాళ ఉద్యోగ విరమణ చేస్తున్న మన ఉద్యాన అధికారి కృపావతి గారికి, వారి భర్త ఇమ్మానుయేలు గారికి నమస్కారం. నా పేరు లక్ష్మీతులసి. జొన్నాడలో మాకు పూలమొక్కల నర్సరీ ఉంది. రెండు ముక్కలు చెప్పి దిగిపోతానని మా వారు కొండలరావు గారికి మాటిచ్చాను గానీ, ఆ మాట నిలబెట్టుకునేలా లేను. (నవ్వులు)

ఇంతవరకూ మాట్లాడినవారంతా మేడమ్ గారు చాలా సౌమ్యులన్నారు. నిజమే. ఆ సౌమ్యురాలే, పిలకలకని మేం ఉంచుకునే చామంతి తల్లిమొక్కలన్నీ పీకించి తగలబెట్టించారు. అది చెప్పకుండా దిగితే ఆవిడ గురించి ఏమీ చెప్పనట్టే.

ఆ ఏడు వానలు విడవలేదు. చామంతుల్లో కింది ఆకులకు మచ్చ మొదలైంది. ఈనెకూ ఈనెకూ మధ్య గీత గీసినట్టుగా ముక్కలు ముక్కలుగా గోధుమరంగు తిరిగి, నల్లబడి, ఆకు ఎండిపోయి, ఆ మచ్చ పైపైకి ఎక్కసాగింది. తెగులనుకుని మందు కొట్టాం, తగ్గకపోతే మార్చి కొట్టాం. పైగా వాన తెరిపిచ్చిన రోజున పైపుతో పైనుంచే తడిపేవాళ్ళం. ఒకపక్క పెద్ద ఆర్డరుకు లారీ వచ్చి నిలబడింది. పచ్చగా ఉన్న కుండీలు ఏరి ఎక్కిస్తున్నారు. నాకు మనసొప్పక మేడమ్ గారికి ఫోన్ చేశాను.

ఆవిడ వచ్చి, మచ్చపడ్డ ఆకులు తుంచి గాజుగ్లాసులో నీళ్ళు పోసి వేశారు. సాయంత్రానికి అందులోంచి ఒక చుక్క తీసి, తాను తెచ్చిన చిన్న మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను చూడమన్నారు. సన్నటి దారప్పోగుల్లాంటివి మెలికలు తిరుగుతున్నాయి.

"ఇది తెగులు కాదండి తులసి గారూ. ఆకులో దూరిన నులిపురుగులండి. తడి ఆకు మీద ఈదుకుంటా పక్క మొక్కకి పోతాయి. పైనుంచి నీళ్ళు కొట్టి మనమే దారి ఇస్తన్నాం."

"మందేదో చెప్పండి మేడమ్ గారూ, తెచ్చి కొట్టేత్తాం" అన్నారు మా వారు.

"ఆకు లోపలున్నదాన్ని పూర్తిగా పోగొట్టే మందు నాకు తెలీదండి. పీకేసి కాల్చెయ్యాలి. ముందా లారీ దింపించెయ్యండి."

"పచ్చగా ఉన్నయ్యి కూడానా అండీ?" అన్నారాయన.

"ఆయ్. పచ్చగా ఉన్నాయి కదాని కొన్నవాళ్ళ తోటలోకి పురుగుని పంపుతామా అండీ?"

మా వారు తువ్వాలు దులుపుకుని గోదారి గట్టు వైపు వెళ్ళిపోయారు. డ్రైవరు నా ముఖంలోకి చూశాడు. "దింపెయ్యండి" అన్నాను. మేడమ్ గారు చీర కుచ్చిళ్ళు ఎగదోపి మాతోపాటు మొక్కలు పీకారు. అందులో మా అత్తగారు మంగాయమ్మ గారు పెంచుకొచ్చిన పసుపు ముద్దచామంతి కూడా పోయింది. ఆ రకం ఇంకెక్కడా దొరకదనుకున్నాం. ఆ పొగలో నేను ఏడ్చానో, కళ్ళు మండాయో చెప్పలేను.

(ఆగి) చాన్నాళ్ళు మా వారు ఆవిడ పేరెత్తలేదు.

కొంతకాలానికి మేడమ్ గారు ఆటోలో నాలుగైదు కుండీలు తెచ్చారు. వాళ్ళమ్మగారు పాపాయమ్మ గారు ఎప్పుడో మా అత్తగారి దగ్గర అదే ముద్దచామంతి కొని వరండాలో పెంచుకున్నారట. పెద్దావిడ పోయాక ఈవిడ చూసుకుంటున్నారు. వాటికీ మచ్చ అంటింది. కొద్ది మొక్కలే గనుక మొదలుకంటా కోసేసి, మన్ను కడిగి, థర్మామీటరు పెట్టిన వేడినీళ్ళలో కొద్ది నిమిషాలు ముంచి, వెంటనే చన్నీళ్ళలోకి తీసి, కొత్త మట్టిలో విడిగా పెట్టారట.

"వేడికి కొన్ని చచ్చిపోయినయ్యండి" అని పక్కకు చూశారు. "మిగిలినవాటికి కొత్త ఆకులు శుభ్రంగా వచ్చినయ్యి. పిలకలు తీసుకోండి. అమ్మ ఉన్నా ఇమ్మనేదే."

కుండీలు మా వారే అందుకున్నారు. "కాఫీ తాగి వెళ్ళండి మేడమ్ గారూ" అన్నారు. మా ఆయన్ని ఎరిగినవాళ్ళకు అదెంత పెద్ద మాటో తెలుసు. (నవ్వులు, చప్పట్లు)

ఆ పిలకల నుంచే మా చామంతి మళ్ళీ నిలబడింది. ఇప్పుడు నీళ్ళు మొదట్లోనే పోస్తాం, కుండీకీ కుండీకీ ఎడం ఉంచుతాం, కత్తెర కడగకుండా ఇంకో మొక్క ముట్టుకోం, బయటి మొక్కను కొన్నాళ్ళు విడిగా పెట్టి చూస్తాం. అయినా ఒకసారి బిగోనియా పూలమొక్కల్లో ఆ మచ్చ మళ్ళీ కనిపించింది. ముందే పట్టుకున్నాం గనుక ఆ వరుసతో పోయింది.

మేడమ్ గారూ, మీరొస్తే మాకు గుండెల్లో దడగా ఉండేది. ఆ మాట ఇవాళైనా చెప్పాలి. చెడ్డకబురు చెప్పి జీపెక్కి వెళ్ళిపోయేవాళ్ళను చూశాం గానీ, చెప్పాక మాతోపాటు మట్టిలో నిలబడినవారిని మిమ్మల్నే చూశాం.

పిలకలు తెచ్చిన ఆ ఒక్కసారి తప్ప, ఇన్నేళ్ళలో మీరు మా గుమ్మంలోకి వచ్చిందల్లా ఏదో ఒక ఆకు బాగోలేదనే. ఈసారి ఏ పనీ లేకుండా రండి. అంతా బాగున్న రోజున మీరు మా ఇంట్లో ఎలా కూర్చుంటారో చూడాలని ఉంది.

ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. మా వారు వాచీ చూసుకుంటున్నారు. సెలవు.