గంజి వట్టిన గొంగడి

కల్వకుర్తి బస్టాండుల కొత్త గొంగడి ఒళ్లె పెట్టుకొని కూసున్న నాయినకు, పక్కనున్న, పట్నంల పీహెచ్‌డీ చేసే బిడ్డ మొండితనమే సమజైతలేదు.

“గైడు సారు తప్పు ఒప్పుకోమన్నడు గదా బిడ్డా. ఆ కాయిదం మీద సంతకం చేసెయ్యి. పెద్దోళ్లతోని లొల్లెందుకు?”

“చెయ్యని తప్పు ఎందుకొప్పుకుంట నాయినా?”

“అసలు ఏం లొల్లి గది?”

“కణాలల్ల మైటోకాండ్రియా అని ఉంటయి. మనకు సత్తువ ఆడికెల్లే వస్తది. వాటి లోపలి పొర మడతలు మడతలుగ ఉంటది. ఆ మడతలు ప్రోటీన్లే పెడ్తయని సారంటడు. నేను ప్రోటీన్లను ముట్టలే. పొరల ఉండే కొవ్వును మాత్రం గట్టి కొవ్వు చేసిన. మడతలు పోయినయి. మూడుసార్లు చేసిన, మూడుసార్లూ గంతే. నేనే కణాలు ఖరాబు చేసిన్నని రాసియ్యమంటాండు.”

“కొవ్వు మారితే మడతెట్ల పోతది?”

“గా గొంగడిని మడిచి నెత్తి మీద కొప్పెర పెట్టుకో, చూస్త.”

“గిది నిన్ననే మగ్గం దిగింది. చింతగింజల గంజి పట్టి చెక్క తీరుగున్నది. రెండు వానలకు తడిస్తేనే మడత వడ్తది.”

“పాత గొంగడిది వేరే ఉన్నియా?”

“అదే ఉన్ని. నేసినోడు గూడ ఆయినే.”

“గట్టి గంజికి మడత వడ్తలేదంటే, నువ్వు ఖరాబు చేసినట్టా మరి?”

“నేనెందుకు చేస్త!”

ఆ మాట అన్నంక నాయిన గొంగడి అంచు పట్టి ఒంచి చూసిండు. అది ఒంగలే. బస్సు రాంగనే దాన్ని బిడ్డ చేతుల పెట్టిండు.

“సారు బల్ల మీద పెట్టు. కొప్పెర పెట్టి చూపియ్యమను. పెడ్తే, అప్పుడు చేద్దువు సంతకం.”