పగిడయ్య లంగరు

వేసవి నాటి గోదావరి. భద్రాచలం వంతెనకు బాగా దిగువన, ఏటి నడుమ పగిడయ్య తెరచాప పడవ. అందులో పగిడయ్య, ఆయన ఇంటావిడ జంపక్క, కోడలు శ్యామల, ఆరేళ్ల మనవరాలు హేమ. గాలి అడ్డం తిరిగి పడవ ఏనుగు గుండు అనే పెద్ద రాతి వైపు మళ్లడంతో, పగిడయ్య ఇప్పుడే లంగరు విసిరాడు.

“చాప దించిన, లంగరేసిన. ఇగ ఆగుతది. భయపడకు శ్యామలా.”

“ఆగుతలేదు మామా.”

“లంగరు అడుగుకు పోయి ఇసుకల దిగాలె గద బిడ్డా. జర టైం పడ్తది.”

“గుండు దగ్గరికొస్తుంది. మీ కొడుకుకు చెప్దామంటే సెల్లుకు సిగ్నల్ లేదు. వంతెన మీదికెల్లి పోదామంటే ఇన్నరా? పొద్దుగాల రేవుల మీరన్న మాట యాదున్నదా?”

“ఉన్నది. ఒక్క మనిషి తడిసినా ఈ పడవ అమ్మి నా కొడుకుకు ఆటో కొనిస్త అన్న. ముప్పై ఏండ్ల సంది ఈ పడవే నాకు అన్నం పెట్టింది. ఎవ్వలు తడవరు, నేను అమ్మ. ఏమే, లంగరు తాడేది?”

“ఏ తాడయ్యా?”

“లంగరుకు కట్టిన తాడు. లంగరు మునిగింది, తాడు మునగలే.”

“ఇసిరే ముందు నన్నడిగినవా?”

“లంగరెయ్యనీకి నిన్నడగాల్నా?”

“అడిగితే చెప్తుంటి. విప్పిన అని.”

“విప్పినవా?”

“చుక్కాని పట్టుకొని నువ్వు గుర్రు పెడ్తుంటివి. గప్పుడు విప్పి హేమ నడుముకు కట్టిన. ఆనక శ్యామలకు, ఆనక నాకు. లాంచీలల్ల అందరికి నారింజ రంగు కోట్లు తొడుగుతరట. నీ పడవల ఏమిస్తవ్, బీడీ పొగనా?”

“ఏదో మొక్కు అనుకున్న అత్తా. అందుకే అడగలే.”

“మొక్కు కాదే, జాగ్రత. గా ఏడు నవమికి భద్రాద్రి పొయినం. మందిల తప్పిపోవద్దని మా అత్త అందరి కొంగులు ముడేసింది. నా కొంగు ముడి పోయి ఎవరో ఎర్రుపాలెం ఆయన పంచెకు పడ్డది. గుడి సుట్టు రెండు మార్లు తిరిగినంక గని తెలువలే. పాపం మంచోడు, పులిహోర గూడ పెట్టిండు—”

“ఏమే, గుండు.”

“పేరు రామ్‌చందర్. మొన్న టేకులపల్లిల వాళ్ల బిడ్డ కనబడ్డది—”

“పులిహోర తర్వాత. గుండు జూడు.”

“చూస్తున్న. నీ నెత్తి లెక్కనే ఉన్నది.”

“తాడు విప్పు, జల్దీ.”

“నాది విప్పిన. శ్యామలా, నీది?”

“ఊడింది అత్తా.”

“హేమా, మెలికలు తిరగకే.”

“కితకితలైతున్నయ్ నాయనమ్మా.”

“కానియ్. ఆఁ, విప్పిన.”

“ఒక కొస పడవ ముక్కుకు ఉన్నదా?”

“దాన్ని ముట్టుకోలే. గంత తెల్వనిదాన్నా?”

“రెండో కొస?”

“అది గూడ ఉన్నది తియ్యి. గట్టి దానికే కట్టిన.”

“సరే, ఇగ తాడుతోటి పని కాదు. గడకర్ర ఇయ్యి. గుండు పక్కకెల్లి నూకుత.”

“ఒంగకయ్యా. ఓ మాట చెప్పాలె—”

“తర్వాత చెప్పు.”

“తాడు సంగతే—”

“తర్వాత అన్న గద. చూసినవా, పడవ జరిగింది.”

“తాతా, గడ పైకి వస్తలేదా?”

“రాళ్ల సందుల ఇరికింది బిడ్డా. గుంజుతున్న.”

“మామా, గడ ఇడిసిపెట్టుండ్రి. పడవ పోతుంది.”

“కొత్త వెదురు. ఇడువ.”

“నాయనమ్మా, పడవ ఈడ ఉన్నది, తాత ఆడ ఉన్నడు. గడ మీద, కోతి లెక్క.”

“ఇడిసిపెట్టు మనిషీ. ఇడిసి... పడ్డడు.”

“ఏడి అత్తా? కనబడ్తలేడు.”

“లేస్తడు, ఉండు. గోదారిల పుట్టిన మనిషి. ఏమయ్యా... ఏమయ్యా... అగో, లేచిండు. లోతెంత?”

“బొడ్డు దాకనే. ఇసుక తిన్నె. నడుము కోసుకపోతుందే, ఏంది నాకీ తాడు?”

“గదే చెప్పబోతి. నువ్వు కునుకు తీస్తుంటే రెండో కొస మెల్లగ పంచె మీదికెల్లి నీ నడుముకు కట్టిన. ఇంటిల్లిపాదికి కట్టి నిన్నొక్కన్ని ఇడుస్తనా?”

“మామా, పడవ ఆగింది. గుండు ఇంక బారెడు దూరముంది, ఆగింది.”

“ఆగదా మరి. నా కాళ్లు మోకాళ్ల దాక ఇసుకల దిగినయ్. ఇగ ఎటు పోతది?”

“తాత ఇయ్యాల మస్తు బరువున్నడు.”

“ఆగింది, సంతోషం. గని మామా, పొద్దుగాల మాటేంది? నెత్తి మీది తువ్వాల దాక తడిసినరు.”

“మనిషి తడిస్తె అమ్ముత అన్న బిడ్డా. లంగరు తడిస్తె అమ్ముత అనలే.”