వాయిదాల బాబాయి చెప్పని సగం

రండి, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ టీవీ గొంతు కాస్త తగ్గించు, చిన్న మనవరాలా. పొద్దుటి నుంచీ అదే కేసు, ఒక్కొక్కడూ ఓ జడ్జి అయిపోయి తీర్పులిచ్చేస్తున్నాడు. ఏంటీ? పోలీసుల దగ్గర నోరు మూసుకుని ఉండే హక్కు నిజంగా ఉందా అనా? ఉంది తల్లీ. ఆ మాట నాకు చెప్పినాయన, చెప్పిన పాపానికే కుమిలిపోయి పోయాడు. వాయిదాల బాబాయి అనేవాళ్ళం. కోర్టులో ముప్పై ఏళ్ళు టైపు కొట్టిన మనిషి. సాక్షి ఏడ్చినా, నవ్వినా, పచ్చి అబద్ధమాడినా ఆయన వేళ్ళకి ఒకటే నడక. రిటైరయ్యాక పొద్దున్నే దేవుడికో దణ్ణం పెట్టుకుని నా బైండింగ్ షాపుకొచ్చేవాడు. జిగురు డబ్బా పక్కకి నెట్టి, స్టూలు లాక్కుని పేపరు విప్పేవాడు. అంతే, పక్క షాపుల వాళ్ళంతా చేరిపోయేవాళ్ళు. చదవడమా అది? ప్లీడరు గొంతు వేరు, జడ్జి గొంతు వేరు, నిందితుడి గొంతుకి మాత్రం ముక్కులోంచి ఓ జీర తెచ్చేవాడు. ఏది నేరం, ఏది కాదు, ప్రభుత్వం చెయ్యి ఎక్కడిదాకా చాపొచ్చు, రాజ్యాంగం ఎక్కడ ఆ చెయ్యి పట్టుకుంటుంది, అన్నీ మాకు ఆ జిగురు వాసనలోనే తెలిశాయి.

ఒక్కటే దురలవాటు. కథ పీటముడి పడేచోట ఠక్కున పేపరు మడిచి చంకలో పెట్టుకునేవాడు. "మిగతాది రేపటికి వాయిదా!" అనేవాడు. "నీ దుంప తెగ, ఇది కోర్టా బాబాయ్, మమ్మల్నీ ఇలా తిప్పుతావు?" అని గోల పెట్టేది పక్కన టైలరమ్మ. ఆయన మురిసిపోయేవాడు. జనం చుట్టూ మూగితే ఆయనకి కడుపు నిండేది మరి. దేవుడు ఒక్కొక్కడికి ఒక్కో ఆకలి పెడతాడు.

మా గుమ్మం ముందే తాళాలాయన కూర్చునేవాడు. ముప్పై దాటలేదు, భార్యకి ఏడో నెల. మారు తాళంచెవులు చేసేవాడు, ఇరుక్కున్న బీరువాలు తెరిచేవాడు. ఆకురాయి పక్కన పెట్టి మరీ వినేవాడు, బాబాయి మాటంటే అతనికి వేదం. ఆవేళ పేపర్లో ఓ డ్రైవరు కేసు. స్టేషన్లో కొడితే చెయ్యని నేరం ఒప్పుకున్నాడు, పై కోర్టు ఆ ఒప్పుకోలు చెల్లదని కొట్టేసింది. బాబాయి వేలెత్తి, "నీ మీద నువ్వే సాక్ష్యం చెప్పక్కర్లేదు. వాళ్ళు అడుగుతారు, అరుస్తారు. నోరు విప్పకు! అది నీ హక్కు" అన్నాడు. తాళాలాయన, "ఆ తర్వాత?" అన్నాడు. "ఆ తర్వాత ఒక రోజు తిరిగేలోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అక్కడ ఆ డ్రైవరు ఏం చేశాడనుకున్నారూ..." అని మమ్మల్నందర్నీ ఓసారి చూసి, పేపరు మడిచేశాడు. వాయిదా.

ఆ సాయంత్రమే జీపొచ్చింది. అంతకు ముందు రోజు మధ్యాహ్నం ఓ ఇంట్లో నగలు పోయాయట, తాళం పగల్లేదు. తాళం పగలకుండా ఇల్లు దోచారంటే ముందు ఎవరి మెడ మీద పడతారు చెప్పు? ఆ మధ్యాహ్నమంతా అతను బడిలో లాబ్ బీరువా తెరుస్తున్నాడు తల్లీ! హెడ్మిస్ట్రెస్ రిజిస్టర్లో టైముతో సహా రాసి సంతకం పెట్టించుకుంది. మాకది తెలీదు. చెప్పాల్సింది అతను. అరికాళ్ళు పగిలినా చెప్పలేదు.

మర్నాడు కోర్టులో మేజిస్ట్రేటు మంచిగానే అడిగాడు. "ఏమైనా చెప్పుకుంటావా? నిన్ను కొట్టారా?" అని. బాబాయి వెనక బల్ల దగ్గర నిలబడున్నాడు. తాళాలాయన వెనక్కి తిరిగి ఆయన్ని చూశాడు. చూసి, పెదాలు గట్టిగా బిగించి, నవ్వాడు. పాఠం అప్పజెప్పిన పిల్లాడి నవ్వు. బాబాయి ముందుకు తోసుకొచ్చాడు. "అయ్యో, ఇక్కడ చెప్పాలి నాయనా, ఇక్కడ చెప్పాలి!" అని అరిచేలోపే బంట్రోతు రెక్క పట్టుకుని బయటికి లాగేశాడు. ముప్పై ఏళ్ళు పనిచేసిన హాల్లోంచి! లోపల టైపు మిషను చప్పుడు ఆయనకి వినపడుతూనే ఉంది: ఫిర్యాదు ఏమీ లేదు. తాళాలాయన్ని మళ్ళీ పోలీసులకే అప్పగించారు. మూడో రోజున గుండె ఆగిపోయిందన్నారు. నాలుగో రోజు పేపర్లో చూసి, ఆ హెడ్మిస్ట్రెస్ రిజిస్టరు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

విచారణా? వేశారు. నేనే బైండు చేశాను ఆ ఫైలు, ఇంత లావు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ ఇల్లాలు కాన్పుకి పుట్టింటికి వెళ్ళింది, మళ్ళీ ఇటు మొహం చూపించలేదు. ఎందుకు చూపిస్తుంది?

బాబాయి మళ్ళీ పేపరు విప్పలేదు. "సగం చట్టం చెప్పడం సగం ఉరి వెయ్యడమేరా" అన్నాడు నాతో, ఒక్కసారే. ఆ మర్నాటి నుంచీ కోర్టు గేటు దగ్గర నిలబడేవాడు. వ్యాన్లోంచి బేడీలతో దిగిన ప్రతివాడికీ, "నాయనా, లోపల అయ్యగారు అడిగితే చెప్పు. ఎక్కడున్నావో చెప్పు, కొడితే చూపించు" అనేవాడు. అంతే. ఎండా లేదు, వానా లేదు. పోలీసులు తోసేస్తే లేచి, పంచె దులుపుకుని మళ్ళీ అక్కడే. ఎవరైనా చెప్పారా అనా? నూటికి ఓ పదిమంది చెప్పుంటారు. ఆ పదిమంది మాటా ఎవరు విన్నారో పైవాడికే తెలియాలి. పదకొండేళ్ళు నిలబడి, ఓ పొద్దున అక్కడే ఒరిగిపోయాడు. వ్యాను హారన్ కొట్టింది, అడ్డం తీయమని.

ఇప్పుడా గేటు దగ్గర ఎవరూ లేరు. నా ఆయుష్షు అయిపోవచ్చింది. మీరిన్ని చదువులు చదువుతున్నారు, మిగతావి మర్చిపోయినా ఈ ఒక్క పనీ గుర్తుంచుకోండమ్మా. వారానికి ఒక పూట చాలు. వెళ్ళి నిలబడండి, దిగేవాడి చెవిన ఆ మాట వెయ్యండి. లాభం ఉంటుందని చెప్పను.

ఏంటీ? నేనా?... ఆయన పోయాక నేనెన్నిసార్లు వెళ్ళాననా?

ఆ కిటికీ వెయ్యమ్మా. చలిగాలి కొడుతోంది.