పుక్కిలించని నీళ్ళు

మండపేటలో పంటి డాక్టరుగారి కుర్చీలో, ఊళ్ళో స్విమ్మింగ్ పూల్ నడిపే పెద్దమనిషి పన్ను నొప్పి కన్నా ఎక్కువ అనుమానంతో పడుకున్నాడు.

“గోడనిండా ఈత మెడల్సేంటండి? మీకు పళ్ళ పని వచ్చా, ఈతేనా?”

“యూనివర్సిటీ ఛాంపియన్నండి, తర్వాతే డాక్టర్ని. నోరు తెరవండి.”

“నా నోరు సరే, ముందు మీ నోటి సంగతి చెప్పండి. మా పూల్ మీద పుకార్లు పుట్టించి మీరు పళ్ళమ్ముకుంటున్నారటగా? పిల్లల్ని మా పూల్‌కి పంపొద్దన్నారట!”

“అన్నానండి. మీ నీళ్ళలో యాసిడ్ ఎక్కువై పిల్లల పళ్ళు అరిగిపోతున్నాయి. ఈదే రోజుల్లో నా ముందు పళ్ళూ అలాగే పోయాయి. ఇవి కట్టించుకున్నవి.”

“మావి కొబ్బరినీళ్ళండి బాబూ!”

“సరేనండి. పన్ను శుభ్రం చేశాను, ఇవి పుక్కిలించండి.”

“గ్లాసులో ఏం నీళ్ళండి?”

“మీ పూల్ నీళ్ళే. పొద్దున్న తెప్పించాను.”

గ్లాసు పెదవుల దాకా వెళ్ళి ఆగిపోయింది.

“మామూలు నీళ్ళు లేవా అండి?”

“ఉన్నాయి. పూల్ ఎప్పుడు మూసి బాగుచేయిస్తారు?”

“ఇదుగో, ఇప్పుడే మావాళ్ళకి ఫోన్ చేసి మూయిస్తున్నానండి... ఈ రెండో గ్లాసులోవి కుళాయి నీళ్ళేనా?”

“ఇందాకటివీ కుళాయి నీళ్ళేనండి.”