రాత్రి క్రీము బంద్

ఎల్లారెడ్డి బస్టాండు బయట మహమ్మద్‌నగర్ ఆటో ఆగి ఉంది. కామారెడ్డిలో చర్మం డాక్టరుకు చూపించుకుని వస్తున్న సాయిలత, ఆమె అత్త సత్తెమ్మ, పొరుగింటి గంగాబాయి వెనక సీట్లో కూర్చున్నారు. ముందు డ్రైవరు దేవన్న. సాయిలత భర్తకు ఫోన్ చేస్తూనే ఉంది. అతను ఎత్తడం లేదు. అతను ఎత్తేలోపు అత్త ఏం అడుగుతుందోనని ఆమె గుబులు.

"ఇగ పోనియ్ దేవన్నా! ఎవరి కోసం సూస్తున్నవు?"

"ఇంకొక్క మనిషి, పెద్దమ్మా. రాంగనే కదుల్త."

"ఒక్క మనిషి, ఒక్క మనిషి అనుకుంటనే పొద్దు గూకుతది. కదిలినంక మాత్రం గుంతలు గింతలు సూడకు. ఎగిరిచ్చి కొట్టు."

"గంత తొందరేందే సత్తెమ్మక్కా? ఇంతకు పిల్లకేమైంది, కామారెడ్డి దాక తీస్కపోయినవు?"

"ఏం లేదు గంగత్తా, ఊకెనే..."

"ఊకెనే ఏంది లతా! నీ మొటిమల సంగతి ఊరంత తెలుసు."

"ఊరికి ఎవరు చెప్పిన్రు అత్తమ్మా?"

"నేనే చెప్పిన. దాచిపెట్టనీకి అదేమన్న బంగారమా? విను గంగా. మావోడు సాయికిరణ్ ఉన్నడు గద, ఫోన్ల సూసి మూడు రకాలు తెప్పిచ్చిండు. మొఖం కడుక్కునేది ఒకటి, క్రీములు రెండు. మూడు మందులు మూడుసార్లు ఎందుకే, నేను వరికి కొట్టినట్టు కలిపి ఒక్కసారే కొట్టు అన్నడు."

"కలిపినవా పిల్లా?"

"రెండు క్రీములు మూతల కలిపి పూసుకున్న గంగత్తా. మొఖం కడుక్కునేది కడుక్కొని, తుడుసుకొని, ఎంబడే."

"తెల్లారేసరికి మొఖం ఎర్రగ, ఉడికిన గెంజిగడ్డ తీరు! తోలు పొరలు పొరలు లేసింది."

"మీ వరి గూడ పోయినేడు గట్లనే మాడింది గదనే. మూడు మందులు ఒక్క పంపుల కలిపి కొట్టిండు."

"గదే గంగా! చేను మాడినా వానికి బుద్ధి రాలే. పెండ్లాం మొఖం మాడినంక వచ్చింది. అప్పుడే మొదటిసారి పోయినం కామారెడ్డికి. డాక్టరేమన్నడో చెప్పు లతా."

"మీరే చెప్పున్రి అత్తమ్మా."

"'నీ మొఖం వరిచేనా అమ్మా' అన్నడు! అని అన్ని బంద్ పెట్టిచ్చిండు."

"తోలు మామూలయ్యేదాక ఉత్త మాయిశ్చరైజరే పెట్టుమన్నడు గంగత్తా. అటెన్క ఒక్కొక్కటి. ఒకటి అలవాటయినంకనే ఇంకోటి. పొద్దుగాల బెంజాయిల్ పెరాక్సైడ్, ఎండల పోతే పైనుంచి సన్‌స్క్రీన్. రాత్రి అడాపలీన్, మొఖం బాగ ఆరినంక, బఠానీ గింజంత. అది గూడ మొదట్ల దినం తప్పిచ్చి దినం. రాత్రి క్రీము పెట్టేనాడు సాలిసిలిక్ ఫేస్‌వాష్ వద్దు, మందు లేని మామూలు ఫేస్‌వాష్ చాలన్నడు."

"పేర్లు సూడు గంగా, ఎరువుల దుకాణంల ఉన్నట్టు లేవా? ఆ పొద్దటిది మాత్రం మస్తు దొంగది. మా ఆయన ఎర్ర తువ్వాల మీద తెల్ల మచ్చలు చేసింది. నేను పోయి సబ్బులమ్మేటోన్ని తిట్టొచ్చిన."

"అది పెరాక్సైడ్ గుణం అత్తమ్మా. రంగు గుడ్డకు తగిలితే రంగు గుంజుతది. నేను చెప్పేలోపే మీరు దుకాణం కాడ ఉన్నరు."

"మరి ఇయ్యాల ఏమన్నడు డాక్టరు?"

"నేను లోపలికి పోలే గంగా. పోయినసారి అక్కడ నా చెప్పులు మారినయి. ఇయ్యాల చెప్పులకాడనే కూసున్న. ఈమె పోయింది, వచ్చింది, మళ్ల ల్యాబుకు పోయింది, మళ్ల డాక్టరు కాడికి పోయింది. బస్సులకెల్లి అడుగుతున్న, నోరు తెరుస్తలేదు. ఏమన్నడు లతా?"

"గంగత్తా, గిర్నీల కారం పట్టనిచ్చిన్రు గద? తెచ్చుకోరా?"

"అరే, మర్సేపోయిన! దేవన్నా, జరాగు, ఉరికొస్త. సత్తెమ్మక్కా, నేను లేకుంట చెప్పిచ్చుకోకు."

"నీకు చెప్పకుంట నాకు అన్నం సయిస్తదా?"

"సయించదని నాకెరుకే. పోయిన దసరాకు పిల్ల దవాఖానకు పోకముందే నీళ్లోసుకున్నదని ఊరంత లడ్లు పంచితివి."

"గా ముచ్చట ఇప్పుడెందుకే? పో, పో, గిర్నీ మూస్తడు."

"పెద్దమ్మా, ఆమె వచ్చేదాక నేను గూడ చాయ్ తాగొస్త."

"పో దేవన్నా, నువ్వు గూడ పో. ఇగ చెప్పు లతా. ఎవ్వలు లేరు."

"మంచిగున్నదన్నడు. పొద్దటిది గట్లనే పెట్టుకోమన్నడు."

"రాత్రిది?"

"రాత్రిది బంద్."

"బందా? దానితోనే గద మొఖం తేటగయింది!"

"బందన్నడు అత్తమ్మా. ఫేస్‌వాష్ గూడ మార్చిండు."

"మా చెల్లె బిడ్డ పద్మప్రియ పెండ్లి దగ్గరికొచ్చె. మా చెల్లె నోరు నీకు తెల్వదా? 'నీ కోడలు మొఖం మీద జొన్నలారవోసినవా' అన్నది నన్ను, అందరి ముంగట. నిన్ను తీస్కపోయి దాని కండ్ల ముంగట నిలవెట్టాలె నేను. పెండ్లి దాక పెట్టుకో, అటెన్క మానేద్దువు."

"ఒక్క రాత్రి గూడ వద్దన్నడు."

"మంటలేస్తున్నదా?"

"లేదు."

"తోలు లేస్తున్నదా?"

"లేదు అత్తమ్మా."

"మరేంది? ఎన్నొద్దులు బందు?"

"వచ్చేడు దాక అనుకోన్రి. అటెన్క గూడ తనను అడిగినంకనే అన్నడు."

"వచ్చేడు దాకనా! గా డాక్టరుకు ఏమన్న తిక్కనా?"

"ఒంట్లకు పోతదేమో అని భయమట. గందుకే వద్దంటరట."

"మొఖానికి పూసేది ఒంట్లకు పోతదా? పోతే పోనియ్. ఇన్నొద్దులు పూసుకుంటివి, నీకేమైంది?"

"నా ఒక్కదాని ఒళ్లయితే పూసుకుందును అత్తమ్మా."

"మరి ఇంకెవరి ఒళ్లు? లతా!"

"ఊఁ."

"ఇటు సూడు. నా దిక్కు సూడు. నిజమా?"

"నెల తప్పిందా అని డాక్టరే అడిగిండు. తప్పిందన్న. ల్యాబుల రక్తం తీసి సూసిన్రు. ఈసారి నిజమే. ఇన్నొద్దులు పెట్టుకున్నదానికి పరేషాన్ కాకు, ఇయ్యాలటి నుంచి బంద్ పెట్టు, ఆడోళ్ల డాక్టరుకు గూడ చెప్పు అన్నడు."

"దేవుడా! లడ్లు... ఆ మిఠాయి దుకాణం తెరిసే ఉన్నది, నేను..."

"కూసోన్రి అత్తమ్మా! మీకు దండం పెడ్త, కూసోన్రి. ఆయనకింక తెల్వది. ఫోన్ ఎత్తుతలేడు."

"చేన్ల మందు కొడుతుండొచ్చు. ఫోను ఒడ్డు మీద ఉంటది."

"పోయినసారి ఆయనకు చాయ్ హోటల్ల తెలిసింది, పరాయోళ్ల నోట. అది ఉత్తదే అని తేలినంక, నేను నీళ్లకు నల్లా కాడికి పోతే ఆడోళ్లు మాట్లాడుడు బంద్ చేస్తుండె. మీకు తెల్వది. మీకు చెప్పలే. ఈసారి ముందుగాల ఆయనకు నేనే చెప్పాలె. గంతే అడుగుతున్న."

"నేనేమన్న డప్పు కొట్టుకుంట తిరుగుతనా? గట్ల సూడకు. తిరుగుత. నాకెరుకే. గీ నోరు ఆగుతదో లేదో నాకే తెల్వది బిడ్డా."

"గంగత్త వస్తున్నది."

"కండ్లు తుడుసుకో. ఆగు, పైటతోని వద్దు, రంగు పోతది."

"సత్తెమ్మక్కా, జరుగు! మూట పట్టు. మిల్లోడు ఇంకింత ఆలస్యం చేస్తుండె."

"గంగా, నువ్వు చివరికి కూసో. పిల్లను నడిమిట్ల కూసోనియ్."

"ఎందుకే? ఇందాక మంచిగనే కూసున్నం గద?"

"గాలి కొడ్తది దానికి. జరుగు."

"పెద్దమ్మా, ఇగ ఆ ఒక్క మనిషి వచ్చేటట్టు లేడు. పోదమా?"

"పోనియ్ దేవన్నా. జర మెల్లగ పోనియ్. గుంత కనవడితే పక్కకెళ్లి తియ్."

"ఇందాక ఎగిరిచ్చి కొట్టుమన్నవు!"

"ఇందాకటి మాట ఇందాకనే పోయింది. మెల్లగ అంటున్న గద."

"సత్తెమ్మక్కా, ఏందే, కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయి?"

"నీ కారం ఘాటు."

"మూట కట్టే ఉన్నది గదనే!"

"కట్టినా వస్తది."

"సరే గాని, చెప్పు మరి. నేను రాకముందే చెప్పిచ్చుకున్నట్టున్నవు. ఏమన్నడు డాక్టరు?"

"ఏమంటడు గంగా. మొటిమలు. గంతే."