మనిషి సాపుగ పట్టే బండి

“బాపమ్మా, ఏడుగురం పట్టే బండి కొందామనుకుంటున్నం. మీ కాలంల మీరు వ్యాను ఎట్ల సూసి కొన్నరో జర చెప్పరాదు?”

ఏందే, బండా? అగో, పొద్దటిసంది గా ఫోన్ల ఏం సదువుతున్నదో అనుకున్న. కొన్నోళ్ళు మంచిగున్నదని రాసిన్రా? ఎవలే వాళ్ళు? మొఖం సూసినవా? సూడలే. మొఖం సూడనోళ్ళ మాట ఎట్ల నమ్ముతవే పిల్లా! మేము ఇండ్లిండ్లు తిరిగినం, ఎదురుంగ కూసొని అడిగినం, వాళ్ళింట్ల చాయ్ తాగినం, అయినా మోసపోయినం. మోసపోయినం అంటే... ఊఁహూఁ, మోసం గాదు. చెప్పినాయన నిజమే చెప్పిండు. గదే నా బాధ. ఏంది, రికార్డు జేస్తున్నవా? జేసుకో, నాకేం భయం.

అప్పుడు మనం నస్పూర్ల ఉంటిమి, బాయి క్వార్టర్ల. మీ తాత బొగ్గుబాయిల సర్దారు. ఆయన తమ్ముడు సత్తెన్న, అదే మీ చిన్నతాత, ఆయన గూడ బాయిలనే. మీ బాపు ఎనిమిదో తరగతి. కాదు కాదు, తొమ్మిది. ఆనికి టైఫాయిడ్ వచ్చింది గాయేడే కదా. ఇంట్ల తొమ్మిది మందిమి, అందర్ల పెద్దది మా అత్త. మా అత్తకు మోకాళ్ళు ముడవరాకపోతుండె. బస్సెక్కుడంటే పానం మీదికొచ్చేది. ఓసారి మంచిర్యాల బస్టాండ్ల ఇద్దరు మొగోళ్ళు చంకల్ల చేతులేసి బస్తా ఎక్కిచ్చినట్టు ఎక్కిచ్చిన్రు. ఆమె సిగ్గుతోని కొంగు మొఖం మీదికేసుకొని లక్షెట్టిపేట దాక తియ్యలే. గారోజే మీ తాత అన్నడు, “ఎట్లన్న జేసి అవ్వకో బండి కొంట” అని. ఇద్దరన్నదమ్ములు చిట్టీ ఎత్తిన్రు. ఇగ ఏ బండి కొనాలె? ఏమెర్క మాకు!

మొదలు జీపున్నాయన తానికి పోయినం. మంచిర్యాలల బట్టల దుకానం ఆయనది. కుర్చీలేసి కూసోబెట్టి, గా జీపును పొగిడిండు పొగిడిండు, వాగుల దిగితది, గుట్ట ఎక్కుతది, ఎక్కడికన్న పోతది అని. మొగోళ్ళు గట్ల తలలూపుకుంట కూసున్నరు. నేను నిమ్మలంగ లోపలికి పోయి ఆయన పెండ్లాన్ని అడిగిన. ఆమె కొప్పు పక్కకు జరిపి నెత్తి మీద బొప్పి సూపెట్టింది! వామ్మో, నిమ్మకాయంత ఉన్నది. ఎన్క అడ్డం సీట్ల కూసుంటే పైన ఇనుప కమ్మి తాకిందట. “ఆయనకేమక్కా, ముంగట కూసుంటడు” అన్నది. నేను బిత్తరపోయిన. గా రోజు నాకు తెలివొచ్చింది బిడ్డా. బండి సంగతి నడిపేటోన్ని అడగద్దు, ఎన్క కూసునేటోళ్ళను అడగాలె. గా ఫోన్ల రాసినోళ్ళు ముంగట కూసునేటోళ్ళా, ఎన్క కూసునేటోళ్ళా? తెల్వది. మరి!

తర్వాత ఒక సారు తానికి పోయినం. బడిల లెక్కలు చెప్పేటాయన. ఆయనకు పొట్టి వ్యాను ఉండె. మూతి లేకుంట డబ్బా లెక్క ఉంటుండె సూడు, గట్లాంటిది. తొమ్మిది మందిమి పోతం అన్నడు సారు. అరుగు మీద కూసున్న వాళ్ళమ్మ, “నేను సగమే పోత. సగం తలుపు బయటనే ఉంట” అన్నది. నవ్వలేక సచ్చిన. ముంగటి సీటు కింద ఇంజను గదా, చీర అంచు మాడిపోయింది సూడమని ఆమెనే తెచ్చి సూపెట్టింది.

మూడోది రాజమల్లన్నది. గాయన మనోడే అనుకో. మీ తాతతోని ఒక్క బాయిల పని, వరసకు నాకు అన్నయితడు, మీ తాత బావా అనేటోడు. ఆయన పెండ్లాం లచ్చవదిన. భైంసా దాటినంక ఓ పల్లె వాళ్ళది, మాటల మరాఠి కలుస్తుండె. రాజమల్లన్న తలుపంత ఉంటుండె బిడ్డా, క్వార్టర్లకు ఒంగి వచ్చేటోడు. ఆయనకు పొడుగు వ్యాను ఉండె. మా కాలనీ మొత్తానికి పొడుగుది గదొక్కటే. మా అత్తను ఎక్కించినం. మెట్టు కిందికుండె, మెల్లగ ఎక్కింది, సీటు మీద కాళ్ళు జాపుకున్నది, ఆనక మొత్తానికే పండుకున్నది. కండ్లు మూసుకొని “గీ బండే తీస్కో కొడుకా, పట్టెమంచం మీద పండుకున్నట్టున్నది” అన్నది. మీ తాత మొఖం ఎలిగిపోయింది.

నేను అడుగుదామని లచ్చవదిన దిక్కు మళ్ళిన. ఆమె తల దించుకున్నది. గప్పుడు రాజమల్లన్న మమ్ముల పక్కకు పిలిచిండు.

“చెల్లే, గీ బండి తీస్కోకుండ్రి” అన్నడు.

“ఎందుకన్నా, ఖరాబున్నదా?”

“ఖరాబేం లేదు. బంగారమసొంటి బండి. మనిషి కాళ్ళు జాపుకొని సాపుగ పండుకున్నా పడ్తడు. గదే దీని ఐబు.”

నాకు సమజ్ కాలే. మనిషి పడ్తే ఐబేంది, అది లోపమెట్లయితది? గప్పుడు చెప్పిండు. కాలనీల అందరం ఎక్కడెక్కడోల్లమో కదా, పొట్ట చేతవట్టుకొని వచ్చినోళ్ళం. ఎవలన్న పోతే సొంతూరికే తీస్కపోవాలె, వాళ్ళ చెల్క భూమిలనే కాలవెట్టాలె. దవాఖానకు బండి ఒక్కటుండె, అది ఎప్పుడు ఎటు పోతదో తెల్వది. “ఎవలు పోయినా నా గేటుకాడికే వస్తరు చెల్లె. ఏమనరు. వచ్చి నిలవడ్తరు. నేను తాళంచెవి తీస్కొని ఎల్లుత. ఎట్ల రానంట? మూడేండ్లాయె. నా పిల్లలు దాంట్ల ఎక్కుడు బందువెట్టిన్రు. నా చిన్నబిడ్డ అడుగుతది, బాపూ, నిన్న గీ సీటు మీద ఎవలు పండుకున్నరు అని. నాకు యాష్టకొచ్చింది. అమ్ముతున్న. మీరు పొట్టిది తీస్కోండ్రి. మనిషి కూసుంటే పట్టాలె, పండుకుంటే పట్టద్దు. ఇగ మీ గేటుకాడికి ఎవలు రారు.”

ఓయమ్మో! అటు సూస్తే అత్త గా సీటు మీదనే కండ్లు మూసుకొని, పొట్ట మీద చేతులు పెట్టుకొని పండుకున్నది! “అత్తా, లెవ్వు, లెవ్వు!” అని ఒర్రిన. ఆమె దడుసుకొని లేసింది. ఎందుకో చెప్పలే. ఇప్పటికీ నాకు గా సూపు కండ్లల్ల ఆడ్తది.

గంతే, పొట్టి వ్యాను కొన్నం. అత్తకు కాళ్ళు జాపరాకపోతుండె. ఎక్కిన కాడినుంచి దిగేదాక మోకాళ్ళు వట్టుకొని మూలుగుడు. “గా పొడుగుది ఎందుకు తీస్కోలేరా” అని అడిగితే మీ తాత, “పెట్రోలు మస్తు తాగుతదే అవ్వా” అని దబాయించేటోడు. రాజమల్లన్న బండి ఎవలో దూరపోళ్ళు కొనుక్కపోయిన్రు. మా గేటుకాడికి ఎవలు రాలే. మంచిగనే అనిపిచ్చింది. అబద్ధమెందుకు, మంచిగనే అనిపిచ్చింది.

రెండేండ్లకు, ఎండకాలం, పెండ్లిళ్ళ దినాలు. రాజమల్లన్న డ్యూటీ దిగి వచ్చి పొద్దుగాల చాయ్ తాగుకుంట తాగుకుంట గుండె వట్టుకున్నడట. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది. దవాఖాన బండి ఎవర్నో తీస్కొని దూరం పోయింది, రేపటిదాక రాదన్నరు. మంచిర్యాలల బండ్లన్ని పెండ్లిళ్ళకు పోయినయ్. ఉన్న ఒకలిద్దరు పెండ్లి బండ్ల పీనుగును ఎక్కియ్యనే ఎక్కియ్యం అన్నరు. ఎవలో బొగ్గు లారీ మాట్లాడుతమన్నరట. లచ్చవదిన ఒప్పలే. “బతికినన్నొద్దులు బొగ్గులనే ఉండె. పోయేటప్పుడన్న వద్దు” అన్నదట.

ఇగ ఆమె మా గేటుకాడికి వచ్చింది. నేను పరదా ఎన్కనుంచి సూస్తున్న. గేటు వట్టుకొని నిలవడి మా బండిని ముంగటినుంచి ఎన్కదాక సూసింది. కండ్లతోనే కొల్చింది బిడ్డా, మొగన్ని కొల్చినట్టు. తలకాయ అడ్డం ఊపి ఎన్కకు మర్రింది. గప్పుడు నా మనసుల మొదలు ఏం మాట వచ్చిందో ఎర్కనా? “బతికిపోయినం” అని. థూ, నా బతుకు! నాకు నేనే దడుసుకున్న. ఆమె చేతి అన్నం తిన్నదాన్ని, ఆయనతోని చెల్లే అనిపిచ్చుకున్నదాన్ని, నాకు గా మాట ఎట్ల వచ్చిందే?

అరుగు మీదినుంచి మా అత్త అర్సింది. “లచ్చవ్వా! మర్రి రా బిడ్డా! ఎటు వోతున్నవ్?”

“పట్టడవ్వా” అన్నది లచ్చవదిన.

“పండుకుంటే పట్టడు. కూసుంటే పట్టడా? కూసోబెట్టి తీస్కపోండ్రి. సత్తిగా, బండి తియ్యి!”

సీట్లు పీకేద్దామని సూసిన్రు, టైరు గూడు అడ్డమొచ్చింది, ఆయన పొడుగుకు అది గూడ సాలదు. ఇగ కూసోబెట్టిన్రు. నడిమిట్ల ఆయన, ఒకదిక్కు లచ్చవదిన, ఒకదిక్కు మీ తాత. ఛాతికి తువ్వాల జుట్టి సీటుకు గట్టిన్రు, నెత్తికి రుమాలు జుట్టిన్రు. సత్తెన్న నడుపుడు, పక్కన నేను. వాళ్ళ పిల్లలను సుట్టాలు బస్సుల తెస్తమన్నరు. నేను ఎన్కకు మళ్ళి సూడలే. సూడద్దనుకున్నకొద్ది గా ముంగటి అద్దంల ఆయన మొఖమే కనవడ్తుండె. గుంతల పడ్డప్పుడల్ల తలకాయ ఊపుతుండె, అవునవును అన్నట్టు.

ఖానాపూర్ దాటినంక ఇంజను కాగింది. నీళ్ళు పోద్దామని ఓ చాయ్ హోటల్ కాడ ఆపినం. హోటలాయన కిటికీలనుంచి మమ్ముల లెక్కవెట్టి, అడగకుంటనే ఐదు చాయ్‌లు తెచ్చిండు. అందరికి ఇచ్చి, “పెద్దాయన నిద్రవోయిండు, లేపు అక్కా, చల్లారుతది” అన్నడు. మీ తాత అటు మొఖం తిప్పుకున్నడు. లచ్చవదిన ఆయన చాయ్ గూడ తన చేతులనే తీస్కున్నది. చల్లారిందాక వట్టుకొని కూసున్నది. ఆనక ఎన్కకిచ్చి, “ఆయన పొద్దుగాల్నే తాగిండు” అన్నది. ఏడుపు గూడ లేదు ఆమె గొంతుల.

పొద్దుగూకంగ వాళ్ళూరు చేరినం. ఊరంత ఉన్నది. దించిన్రు. దించి సాప మీద పండవెడ్తే... ఎట్ల చెప్పాలె బిడ్డా. మనిషి సాపుగ కాలే, బిగుసుకపోయిండు. కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడు. మోకాళ్ళు మీదికే లేసి ఉన్నయ్. అదిమితే నడుము లేస్తది, నడుము అదిమితే మోకాళ్ళు లేస్తున్నయ్. జనమంత నోరు తెర్సి సూస్తున్రు. వాళ్ళవ్వ, ముసలామె, కండ్లు సరిగ కనవడయి, తడుముకుంట వచ్చి ఆయన మోకాళ్ళ మీద చేతులు వెట్టింది. “కాళ్ళు జాపు కొడుకా. ఇంటికొచ్చినవ్ గదా, ఇగ కాళ్ళు జాపు” అన్నది.

మీ తాత అక్కడ్నే కూలవడ్డడు.

వచ్చినంక అత్తకు అంత చెప్పినం. పొడుగుది ఎందుకు కొనలేదో గూడ చెప్పినం. ఆమె అంత ఇన్నది. ఆనక నన్ను సూసి, “నేను పండుకున్నకాడ వాళ్ళు పండుకుంటే నాకేం భయమే? రేపు నేను పోనా? నన్ను గూడ కూసోబెట్టి తీస్కపోదురా?” అన్నది.

నెల తిరగకముందే మీ తాత పొట్టి వ్యాను అమ్మిండు. పొడుగుది కొందామని కరీంనగర్ పోయినం, పాత బండ్లు అమ్మేటాయన తానికి. ఆయన ఇంజను సూపెడ్త, టైర్లు సూపెడ్త అంటుండు. మీ తాత ఏం ఇనలే. చెప్పులిడిసి లోపలికెక్కి, సీట్లు పడగొట్టి, ఎల్లెలకల పండుకొని పొట్ట మీద చేతులు వెట్టుకున్నడు. అమ్మేటాయన పరేషాన్, “ఇదేందన్నా?” అంటుండు. మీ తాత లేసి తువ్వాల దులుపుకొని, “సరిపోయింది” అన్నడు. గంతే సూసింది. ఇంజను సంగతి ఒక్క మాట అడగలే!

అత్త గా బండ్ల కాళ్ళు జాపుకొని మస్తు తిరిగింది. గేటుకాడికి వచ్చినోళ్ళు వచ్చిన్రు, నిలవడ్డోళ్ళు నిలవడ్డరు. పోయినోళ్ళే గాదే, పురిటినొప్పులోళ్ళు గూడ దాంట్లనే పోయిన్రు, పెండ్లిపిల్లలు పోయిన్రు. మీ బాపు మొదట్ల ఎక్కనని మొండికేస్తే మీ తాత ముంగట కూసోబెట్టుకొని చెప్పిండు, “అరేయ్, ఎవరన్న మన బండ్ల పండుకున్నరంటే మనల నమ్మిన్రని” అని. ఆడు ఇన్నడో ఇనలేదో నాకు తెల్వది. నేనైతే ఇన్న.

ఇగ... నువ్వు పుట్టిన యాడాది మీ తాత పోయిండు. గదే బండ్ల ఊరికి పోయిండు. సత్తెన్ననే నడిపిండు. నేను పక్కన కింద కూసొని తొవ్వంత పాదాలు వట్టుకున్న. సాపుగ ఉండె బిడ్డా, రెండు పాదాలు ఒక్క తీరుగ. ఊర్ల దించితే కాళ్ళు జాపమని ఎవలు అనే పని పడలే.

ఏందే, కండ్లు తుడుసుకుంటున్నవ్? ఫోన్ల మాట పడ్తుందా లేదా? పో, పోయి బండి సూడు. రంగు సూడు, ఏసీ సూడు, ఏమన్న సూడు. ఆనక చెప్పులిడిసి లోపలికెక్కి పండుకో. సిగ్గువడకు, అమ్మేటోడు నవ్వితే నవ్వనీ. కాళ్ళు జాపరావాలె, గది సూడు. నువ్వైతే బిడ్డా, నీ పిల్లలు, వాళ్ళ పిల్లలు, అందరు నూరేండ్లు దాంట్ల కూసొనే తిరగాలె. సల్లగుండు. ఇగ గా ఫోను బందువెట్టు.