హాలుకే వెలుగు

హలో… నేనే. మీ ఆయన్నే… గొంతుకేం కాలేదు, ఆయాసం. అంతే.

కరెంటా… పొద్దున గాలివానకి పోయింది. వీధంతా పోయింది… మనకుంది. సోలార్ బ్యాటరీ ఉందిగా.

మీ నాన్నకేం… బాగున్నారు. ఆక్సిజన్ మిషన్ నడుస్తోంది… హాల్లో.

అంటే… ఆయన గదికి బ్యాటరీ లైను లేదు.

…చెప్పావు. ముందు నాన్న గదికే వేయించమన్నావు. నేను హాలుకి వేయించా. టీవీకి, ఏసీకి, చేపల తొట్టికి… వచ్చినవాళ్లు చూస్తారని.

…తిట్టు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు. నేను దీపం కొనుక్కొచ్చి ఇల్లు మర్చిపోయా.

లేదు, మిషన్ ఎక్కువసేపు ఆగలేదు. నేనూ ఎదురింటి టైలరూ కుర్చీతో సహా మోసుకొచ్చేశాం… పెదాలు కాస్త నీలంగా అయ్యాయి. ఇప్పుడు మామూలే. డాక్టరమ్మకి వీడియోలో చూపించా, భయం లేదంది… నీమీద ఒట్టు.

అక్కడితో ఊరుకుంటే నేనెందుకవుతా… వీధిలో వాళ్లందర్నీ పిలిచా. 'చల్లగా కూర్చోండి, ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకోండి' అని. ఏసీ వేశా. బ్యాటరీ గొప్పదనం గురించి ఉపన్యాసం కూడా… ఆ, చప్పట్లు కొట్టారు.

తీరా చూస్తే బ్యాటరీలో పావు వంతే మిగిలింది.

…ఆగు, విను. అందర్నీ లేపేసి, మిషన్ తప్ప అన్నీ ఆపేశా. చేపలకి గాలాడాలని టైలర్ భార్య చెంబుతో నీళ్లు ఎత్తి పోస్తోంది. టైలరేమో పైన ప్యానెళ్ల మీద తడి ఆకులు తుడుస్తున్నాడు… నేనా? నిచ్చెన పట్టుకున్నా. పైకెక్కితే నాకు కళ్లు తిరుగుతాయని తెలుసుగా.

ఇప్పుడు ఎండొచ్చింది. ఛార్జింగ్ ఎక్కుతోంది… నెమ్మదిగానే. కరెంటు ఆఫీసువాళ్లు చీకటిపడేలోపు ఇస్తామన్నారు. ఈలోపు గట్టెక్కుతాం.

మీ నాన్నా… నవ్వుతున్నారు. 'అల్లుడూ, నాకు హాల్లో చోటు దొరకాలంటే తుఫాను రావాలా' అంటున్నారు.

…తప్పు నాదే అన్నా. ఇక ఆయన మంచం ఇక్కడే. టీవీతో పాటు నేనే ఆయన వెనక గదిలోకి పోతా… చేపలు కూడానా? సరే.

హలో… వినిపిస్తోందా? నా ఫోన్లో ఛార్జింగ్ అయిపోవచ్చింది… లేదు, ప్లగ్గులో పెట్టను. ఆ బ్యాటరీ మిషన్‌కే… మాటలు రేపు పడతాలే, దాచిపెట్టు. మిగిలిన ఈ కాస్తలో ఆయన గొంతు విను.

మామయ్యా… ఇదిగో, అమ్మాయి.